కుర్చీ బొమ్మ వేసినందుకు జీతమిచ్చిన రోజులు

పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు

కిందటి సంచికలో 'ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్' గురించి రెండు పేరాలు రాశాను. 1935 నుంచి 1942 దాకా అమెరికా ప్రభుత్వం పని లేని చిత్రకారులను కూర్చోబెట్టి తమ దేశపు పాత కుర్చీలు, పెట్టెలు, దుప్పట్లు, జాడీలు, ఆటబొమ్మలు నీటిరంగుల్లో వేయించింది. సుమారు 18,000 బొమ్మలు తయారయ్యాయి. ఇప్పుడవి వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి. ఆ రెండు పేరాలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మీరు రాసింది చదివి గ్యాలరీ వెబ్‌సైటులో ఆ బొమ్మలు చూశాను. మొదట ఫొటోలే అనుకున్నాను. పెద్దది చేసి చూస్తే కుంచె గీతలు కనిపించాయి. ఇంత ఓపిగ్గా చేత్తో వేయించే బదులు ఫొటో తీస్తే సరిపోయేది కదా? అసలు ప్రభుత్వం దీనికి డబ్బెందుకు పెట్టింది?
(ఓ పాఠకురాలు, ఆష్‌బర్న్, వర్జీనియా)

జవాబు: ముందు డబ్బు సంగతి చెబుతానమ్మా. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కూలింది. 1933 వచ్చేసరికి పనిచేయగలిగినవాళ్లలో నలుగురికి ఒకరు ఖాళీగా ఉన్నారు. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ అనే సంస్థ పెట్టాడు. మనిషికి ఊరికే సాయం పంచకుండా, అతనికి వచ్చిన పనే ఇచ్చి కూలి ఇవ్వాలన్నది దాని పద్ధతి. రోడ్లు, వంతెనలు, స్కూళ్లు కట్టారు. మరి చిత్రకారుల మాటేమిటని కొందరు సణిగితే, ఆ సంస్థను నడిపిన హ్యారీ హాప్‌కిన్స్, వాళ్లూ అందరిలాగే తినాలి కదా అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకు ఎప్పటికీ గౌరవమే.

అలా ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు మొదలైంది. గోడల మీద పెద్ద బొమ్మలు వేయగలవాళ్లకు స్కూళ్ల గోడలు, ఆస్పత్రుల గోడలు దొరికాయి. కానీ నిరుద్యోగుల జాబితాలో మరో రకం చిత్రకారులు చాలామంది ఉన్నారు. కంపెనీల కేటలాగులకు, పత్రికల ప్రకటనలకు బొమ్మలు వేసి బతికినవాళ్లు. గోడ నింపే ఊహ వాళ్ల దారి కాదు. ఎదురుగా ఉన్న వస్తువును ఉన్నది ఉన్నట్టు దించడంలో మాత్రం వాళ్ల చెయ్యి తిరుగులేనిది. ఆ చేతులకు తగిన పని కావాలి.

అదే సమయంలో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో రొమానా జావిట్జ్ అనే ఆవిడకు ఒక చికాకు ఉండేది. ఆవిడ అక్కడి చిత్రాల విభాగం చూసేది. బట్టల మీద డిజైన్లు వేసేవాళ్లు, నాటకాలకు సెట్లు వేసేవాళ్లు వచ్చి, మన పాతకాలపు అమెరికా సామాన్ల బొమ్మలు చూపించండి అని అడిగేవాళ్లు. యూరప్ దేశాల జానపద దుస్తుల మీద, సామాన్ల మీద మంచి మంచి రంగు పుస్తకాలు ఉన్నాయి. సొంత దేశానివి చూపిద్దామంటే చేతికి అందేది కాస్తే. ఈ సంగతి ఆవిడ, బట్టల మీద డిజైన్లు వేసే రూత్ రీవ్స్ కలిసి మాట్లాడుకున్నారు. రీవ్స్ దాన్ని ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు దాకా తీసుకెళ్లింది. ప్రాజెక్టు అధిపతి హోల్గర్ కాహిల్‌కు జానపద కళంటే ప్రాణం. 1932లోనే న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో అమెరికన్ జానపద కళ మీద ప్రదర్శన పెట్టినవాడు. ఆయన పుట్టింది ఐస్‌లాండ్‌లో, చిన్నప్పుడే కుటుంబంతో అట్లాంటిక్ దాటి వచ్చాడు. వలసవచ్చినవాళ్లు తమతో తెచ్చుకున్న పనితనం కొత్త నేల మీద ఎలా మారిందో తెలుసుకోవాలన్న తపన ఆయనకు ఉండడం నాకైతే సహజంగానే అనిపిస్తుంది.

ఇక ఫొటో. కోడాక్రోమ్ రంగు ఫిల్ము అప్పుడప్పుడే బజారుకొస్తోంది. ఆనాటి రంగు ఫొటోల్లో రంగు ఎంత నమ్మదగ్గదో, ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరికీ భరోసా లేదు. నలుపు తెలుపు ఫొటోలో ఎర్ర పెట్టె, ఆకుపచ్చ పెట్టె రెండూ ఒకటే బూడిదరంగు. పైగా కెమెరాకు వెలుతురు ఎక్కడ పడితే అదే గొప్ప. మెరుపు పడిన చోట చెక్క నార కనిపించదు, నీడ పడిన చోట చెక్కిన పువ్వు కనిపించదు. చిత్రకారుడు లేచి పెట్టె చుట్టూ తిరుగుతాడు, మూత ఎత్తుతాడు, పువ్వును వేలితో తడిమి లోతు తెలుసుకుంటాడు, వచ్చి కూర్చుని అదంతా ఒకే బొమ్మలోకి తెస్తాడు. ఫొటోలు అసలు తీయలేదని కాదు, తీశారు. బొమ్మకు తోడుగా వాడారు.

పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ కుటుంబాలు పెళ్లి వయసు ఆడపిల్లకు ఒక చెక్కపెట్టె చేయించి ఇచ్చేవి. దాని ముందు పలకల మీద తులిప్ పూలు, హృదయాలు, పక్షులు, ఒక్కోసారి ఒంటికొమ్ము గుర్రాలు, పిల్ల పేరు, సంవత్సరం. ఇండెక్స్‌లో అలాంటి పెట్టెలు చాలా ఉన్నాయి. రంగు రాలిపోయిన చోట రాలిపోయినట్టే వేశారు. కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఊహించి నింపలేదు. ఏ అంచు ఎక్కువ అరిగిందో చూస్తే ఆ ఇంట్లో దాన్ని ఎటునుంచి పట్టుకుని తెరిచేవాళ్లో నాకు తెలిసిపోతుంది. వారాల తరబడి ఒక పెట్టె ముందు కూర్చున్న మనిషి కంటికే ఆ అరుగుదల అంత ముఖ్యంగా కనిపిస్తుంది.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. నీటిరంగంటే మాకు తడి మీద తడి, గబగబా వేసే ల్యాండ్‌స్కేప్‌లే నేర్పారు. ఇంత గట్టి, నిండైన బొమ్మ నీటిరంగుతో ఎలా వస్తుంది? పద్ధతి వివరంగా చెప్పగలరా?
(ఓ విద్యార్థి, మాసబ్ ట్యాంక్)

జవాబు: నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది బాబూ. ఈ పద్ధతి వచ్చింది ఈజిప్టు సమాధుల నుంచి. బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, హార్వర్డ్ విశ్వవిద్యాలయం కలిసి గిజాలో చాలా ఏళ్లు తవ్వకాలు జరిపాయి. సమాధి గోడ మీది రంగు గాలి తగిలితే రాలిపోవచ్చు. అందుకని చిత్రకారులు అక్కడే కూర్చుని, పగులుతో సహా, పెచ్చు లేచిన చోటుతో సహా దించేవాళ్లు. ఆ మ్యూజియంలో పనిచేసిన సుజాన్ చాప్‌మన్ అనే ఆవిడ మసాచుసెట్స్‌లోని ఇండెక్స్ చిత్రకారులకు ఈ పద్ధతి నేర్పింది. అక్కడినుంచి మిగతా రాష్ట్రాలకు పాకింది. ఈజిప్టు సమాధులకు చూపిన శ్రద్ధే ఒక పల్లెటూరి మట్టి కూజాకూ చూపించారన్నమాట. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పని వరస ఇలా ఉంటుంది. మొదట పెన్సిల్. నువ్వు గబగబా వేసే స్కెచ్‌లాంటిది కాదు, కొలతలు తీసి, సన్నటి గీతతో, ప్రతి మేకు తలకాయ దాని చోట ఉండేలా. ఇక్కడ తొందరపడితే తర్వాత ఏ రంగూ కాపాడదు. వస్తువు మీద వెలుతురు ఒక పక్కనుంచే పడాలి, పని అయ్యేదాకా అది మారకూడదు. వెనక గది, కిటికీ, పూలకుండీ ఏమీ ఉండవు. ఖాళీ కాగితం మీద వస్తువు ఒక్కటే, కింద దాని కాస్త నీడ.

తర్వాత పల్చని వాష్, అంటే నీళ్లు ఎక్కువగా కలిపిన రంగు పూత. అది పూర్తిగా ఆరాక మరొకటి, దాని మీద ఇంకొకటి. కింది రంగు పైరంగులోంచి తొంగిచూడాలి, అప్పుడే చెక్కకు లోతు వస్తుంది. ముదురు రంగు ఒకేసారి గట్టిగా పులిమితే బొమ్మ చచ్చిపోతుంది. మెరిసే చోటుకు తెల్ల రంగు వేయరు. అక్కడ కాగితం తెలుపునే వదిలేస్తారు. అంటే వెండి చెంచా మీది మెరుపు ఎక్కడ రావాలో మొదటి వాష్ వేయకముందే తెలిసి ఉండాలి. చివర్లో సన్నకుంచె, దాదాపు పొడిగా. చెక్క నార, గీతలు, చీలికలు, పురుగు తొలిచిన చుక్కలు అప్పుడు.

బట్టల విషయంలో ఇంకా కష్టం. 1940 ఫిబ్రవరిలో తీసిన ఒక ప్రభుత్వ ఫొటో ఉంది. ఫ్లోరిడాలోని కోరల్ గేబుల్స్‌లో మాగ్నస్ ఫాసమ్ అనే చిత్రకారుడు 1770 నాటి 'బోస్టన్ టౌన్' నమూనా దుప్పటిని చూసి బొమ్మ వేస్తున్నాడు. దుప్పటి మీద నేసిన ఇళ్లు, చెట్లు అన్నీ ఆయన కాగితం మీదికి దిగుతున్నాయి. నీకు దొరికితే ఆ ఫొటో చూడు, ఆయన కూర్చున్న తీరు చూడు.

మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు గ్యాలరీ వాళ్ల స్టడీ రూములో ముందుగా అడిగి సమయం తీసుకుని కొన్ని బొమ్మలు దగ్గరగా చూశాను. నీటిరంగు వెలుతురుకు వెలిసిపోతుంది కాబట్టి వాటిని ఎల్లకాలం గోడకు తగిలించి ఉంచరు, చీకట్లో దాస్తారు. నేను చూసినవాటిలో ఒకటి నేసిన దుప్పటి. చిత్రకారుడు ఒక మూల మాత్రమే నిండుగా వేసి, నమూనా తిరిగి అదే వస్తుంది కనుక మిగతాది పెన్సిల్ గీతల్లో వదిలేశాడు. నీలం నూలు తెల్ల నూలు మీదుగా దాటి కిందికి దిగే చోట చిటికెడంత నీడ. ప్రతి దాటుకూ ఆ నీడ ఉంది. నేను ఆర్కిటెక్చరు పిల్లలకు ఫ్రీహ్యాండ్ డ్రాయింగు చెప్పేటప్పుడు "చూసింది వేయండి, తెలిసింది కాదు" అని గొంతు పోయేలా అరిచేదాన్ని. ఆ దుప్పటి మూల నా దగ్గర అప్పుడు ఉంటే అరవాల్సిన పని ఉండేది కాదు.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది ఒకటే. నున్నటి హాట్ ప్రెస్ కాగితం తీసుకో, గరుకు కాగితం మీద ఈ పని కాదు. ఇంట్లో ఇత్తడి చెంబు ఉంటుంది. ఉత్తరపు కిటికీ దగ్గర పెట్టుకో. రోజుకు రెండు గంటలు, అదే వేళకు కూర్చో. అది పూర్తయ్యేదాకా ఇంకో బొమ్మ మొదలుపెట్టకు. అయ్యాక నాకు పంపు, తప్పకుండా చూస్తాను.

ప్రశ్న: అమ్మగారూ, మాది వడ్రంగం. మా నాన్నగారు టేకు మంచాలు, ద్వారబంధాలు చేసేవారు, నేను ఇప్పుడు మాడ్యులర్ కిచెన్లు చేస్తున్నాను. మా అబ్బాయి ఫోన్లో ఆ బొమ్మలు చూపించాడు. వాటిని చూసి ఆ కుర్చీలు చేయొచ్చంటారా?
(ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: చేయొచ్చు తమ్ముడూ, అయితే బొమ్మ ఒక్కటే చాలదు. ఇండెక్స్ బొమ్మలు ఎక్కువగా వస్తువు పైరూపాన్నే చూపిస్తాయి. లోపల చెక్కకూ చెక్కకూ ఎలా ముడిపెట్టారో నీ చేతి అనుభవంతో ఊహించాలి. బొమ్మతోపాటు ఒక వివరాల కాగితం ఉండేది. ఏ చెక్క, ఎంత పొడవు, ఎంత ఎత్తు, ఏ ఊరిది, ఏ కాలానిది, చేసినవాడి పేరు తెలిస్తే ఆ పేరు, అప్పుడు ఎవరి దగ్గర ఉంది అని. వెబ్‌సైటులో చాలా బొమ్మల పక్కన అసలు వస్తువు కొలత ఇస్తారు, అది చూసుకో.

నీకు రెండు రకాల సామాను చూపిస్తాను. మొదటిది విండ్సర్ కుర్చీ. ఇంగ్లండు నుంచి వచ్చిన పద్ధతి, అమెరికాలో 1740ల నుంచి ఫిలడెల్ఫియాలో బాగా చేశారు. కూర్చునే పలక మందమైన పైన్ చెక్క. మెత్తనిది కాబట్టి బాడిసతో గుంటగా చెక్కి ఒంటికి సరిపోయేలా చేయొచ్చు. కాళ్లు మేపుల్, లేత్ మీద తిప్పితే అంచులు చితకవు. వీపుకు ఆనే సన్నటి పుల్లలు హికరీ. వాటిని రంపంతో కోయరు, నార వెంట చీలుస్తారు, అందుకే వేలంత సన్నమైనా విరగవు. పైన వంపు తిరిగిన బద్దను ఆవిరి పట్టి వంచుతారు. కాళ్ల కొనలు బాగా ఎండబెట్టి, పలకలో ఇంకా కాస్త పచ్చి ఉండగానే బెజ్జాల్లో దించుతారు. పలక ఆరుతూ కాలిని బిగించేస్తుంది. పైనుంచి చిన్న చెక్క చీల కొడతారు. మూడు రకాల చెక్క, మూడు రంగులు కనుక మొత్తానికి పెయింటు వేసేవాళ్లు, ఎక్కువగా ఆకుపచ్చ. మనం అన్నిటికీ టేకు అంటాం. ఏ భాగం మీద ఎలాంటి బరువు పడుతుందో చూసి దానికి తగ్గ చెక్క ఎంచుకున్న ఆ తెలివి మీ నాన్నగారికి చూపిస్తే ఎంత మురిసిపోయేవారో.

రెండోది షేకర్ల సామాను. షేకర్లంటే ఒక క్రైస్తవ సమాజం. 1774లో ఆన్ లీ అనే ఆవిడ నాయకత్వంలో కొద్దిమంది ఇంగ్లండు నుంచి వచ్చారు. పెళ్లిళ్లు లేవు, సొంత ఆస్తి లేదు, ఆడామగా కలిసి ఒకే ఆవరణలో వేర్వేరుగా ఉంటూ పనినే ప్రార్థన అనుకున్నారు. వాళ్ల గదుల్లో గోడ చుట్టూ చెక్క కొక్కేల వరస ఉంటుంది. ఊడ్చేటప్పుడు కుర్చీలన్నీ తీసి కొక్కేలకు తగిలించేవాళ్లు. అంటే కుర్చీ ఎంత తేలిగ్గా ఉండాలో ఆలోచించు. సన్నటి కాళ్లు, వెనక నిచ్చెన మెట్లలా రెండు మూడు అడ్డబద్దలు, కూర్చునే చోట రంగు నవారు గళ్లుగళ్లుగా అల్లిక. నవారు మంచం అల్లిన చేతులకు ఈ అల్లిక నేర్పక్కర్లేదు. కొన్ని కుర్చీలకు వెనక కాళ్ల అడుగున గుండ్రటి చెక్క బంతి అమర్చారు. మనిషి వెనక్కి వాలితే బంతి తిరుగుతుంది తప్ప కాలి అంచు నేలను గీకదు.

వాళ్ల గుడ్డు ఆకారపు డబ్బాలు కూడా చూడు. పల్చటి మేపుల్ పట్టీని వేడినీళ్లలో నానబెట్టి అచ్చు చుట్టూ చుడతారు. కలిసే చోట పట్టీ చివరను వేళ్లలా కోసి చిన్న రాగి మేకులతో బిగిస్తారు. వేళ్లలా కోయడం అందం కోసం అనుకుంటాం. వానాకాలం ఉబ్బి వేసవిలో ముడుచుకునే చెక్కకు అక్కడ కదిలే చోటు దొరుకుతుంది, పగలదు. ఇనుప మేకైతే తుప్పు మరక పడుతుంది, రాగికి ఆ బాధ లేదు. ముందు ఇలాంటి డబ్బా ఒకటి చెయ్యి తమ్ముడూ. మాడ్యులర్ కిచెన్ పని మధ్యలో ఆదివారాలు సరిపోతాయి. మేపుల్ మనకు సులువుగా దొరకదు, వంగే గుణమున్న స్థానిక చెక్క ఏదన్నది నాకంటే నీకే బాగా తెలుసు.

ప్రశ్న: అమెరికా అసలు వాసులైన ఆదిమ తెగల పనితనం కూడా ఈ 18,000లో ఉందా?
(ఓ పాఠకుడు, ఉట్నూరు)

జవాబు: లేదు. మానవశాస్త్రం చదివినవాళ్లు వాటిని ముందునుంచే నమోదు చేస్తున్నారన్న కారణంతో వదిలేశారు. ఆ కారణం నాకు చాలదు. బుట్ట అల్లిన చెయ్యి, కుండ చేసిన చెయ్యి ఆ నేల మీద అందరికంటే ముందున్నవి. 'అమెరికన్ డిజైన్' అని పేరు పెట్టుకున్న సేకరణలో వాటికి చోటు ఉండాల్సింది. న్యూమెక్సికోలో స్పానిష్ మాట్లాడే పల్లెలవాళ్లు చెక్కిన సాధువుల విగ్రహాలు, రంగు పలకలు మాత్రం వేయించారు. ఆ పనిలో ఇ. బాయిడ్ అనే చిత్రకారిణి శ్రమ చాలా ఉంది. తర్వాత ఆ కళకు పెద్ద పండితురాలయింది. నల్లజాతివాళ్లు చేసిన వస్తువులూ కొన్ని ఉన్నాయి, వాళ్లు పడిన శ్రమతో పోలిస్తే చాలా తక్కువ.

ప్రశ్న: మీరు రాసిన రూత్ రీవ్స్ మన దేశంలోనే చనిపోయిందని ఒకచోట విన్నాను. నిజమేనా?
(ఓ పాఠకురాలు, విజయనగరం)

జవాబు: నిజం. 1956లో ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ మీద ఇండియా వచ్చింది. అప్పటికి అరవై దాటింది. ఇక ఇక్కడే ఉండిపోయి 1966లో ఢిల్లీలో కన్నుమూసింది. మైనపు బొమ్మ చేసి, దాని చుట్టూ మట్టి పట్టించి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసే పద్ధతి ఉంది కదా, ఆ పోతపని మీద తిరిగి తిరిగి సమాచారం సేకరించి పుస్తకం రాసింది. అది 1962లో వచ్చింది. ఆదిలాబాద్ వోజుల డోక్రా పని చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

తన దేశంలో ఇండెక్స్ మొదలుపెట్టించిన మనిషి, ముసలితనంలో మన పోతపనివాళ్ల కొలుముల దగ్గర కూర్చుని నోట్సు రాసుకుందంటే ఆవిడ జీవితమంతా ఒకే పని చేసినట్టు నాకు కనిపిస్తుంది. ఆవిడ మీద తెలుగులో ఎవరైనా సమగ్రంగా రాస్తే చదవాలని ఉంది.

ప్రశ్న: మా అమ్మమ్మ గారి భోషాణం తణుకు దగ్గర మా ఊళ్లో ఉంది. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడుతున్నారు, పెట్టడానికి చోటు లేదని మామయ్యలు పాతసామాన్లవాడికి ఇచ్చేస్తామంటున్నారు. ఆపే శక్తి నాకు లేదు. కాస్తో కూస్తో నీటిరంగులు వేయగలను. నెల రోజులు టైముంది. ఎలా మొదలుపెట్టమంటారు? టెన్షన్‌గా ఉంది.
(ఓ పాఠకురాలు, భీమవరం)

జవాబు: టెన్షన్ పడకమ్మా, నెల చాలు. మొదటి రోజు కుంచె ముట్టుకోవద్దు. టేపు పట్టుకుని పొడవు, వెడల్పు, ఎత్తు, పలక మందం, కాళ్ల ఎత్తు, గొళ్లెం, గడియ, అన్నీ కొలిచి రాసుకో. ఫోన్లో నాలుగు వైపులా ఫొటోలు తీయి, మూత తెరిచి లోపల, అడుగున కూడా. ఫొటోలు బొమ్మకు బదులు కాదు, రాత్రి అనుమానం వస్తే చూసుకోవడానికి. తర్వాత మీ పెద్దవాళ్ల దగ్గర కూర్చో. ఎవరి పెళ్లికి చేయించారు, ఏ ఊరి వడ్రంగి, ఆయన పేరేమిటి, చెక్క ఎక్కడినుంచి తెప్పించారు, లోపల ఏం దాచేవాళ్లు, దాని మీద ఎవరు పడుకునేవాళ్లు. ఇండెక్స్ వివరాల కాగితాల్లో నాకు ఎప్పుడూ బాధ కలిగించేది, చేసినవాడి పేరు ఉండాల్సిన చోట చాలాసార్లు ఖాళీ ఉండడం. బొమ్మ వేసినవాళ్ల పేర్లు మిగిలాయి, వస్తువు చేసినవాళ్ల పేర్లు చాలావరకు పోయాయి. మీ పెద్దమామయ్యకు ఆ వడ్రంగి పేరు గుర్తుంటే ఇప్పుడే రాసిపెట్టు.

బొమ్మకు కాస్త పక్కగా కూర్చో, ముందు పలకతో పాటు ఒక పక్క పలక కూడా కనిపించాలి. పాత టేకుకు మొదటి వాష్ పల్చటి రా సియెన్నా. ఆరాక బర్న్ట్ సియెన్నా, పలక పలకకూ కాస్త తేడాగా. నూనె, చెయ్యి తగిలి నల్లబడిన చోట్లకు బర్న్ట్ అంబర్‌లో చిటికెడు అల్ట్రామెరైన్ కలుపు. నల్లరంగు డబ్బా మూత తీయకు. ఇత్తడి పట్టీల మీద మెరుపుకు కాగితం వదిలేయి, చుట్టూ ఎల్లో ఓకర్, చిలుము పట్టిన సందుల్లో కొంచెం ఆకుపచ్చ. పసుపు కుంకుమ మరకలుంటే అవీ వేయి. మూల విరిగి ఉంటే విరిగినట్టే వేయి. బాగుచేసి చూపించాలన్న ఆశ పుడుతుంది, లొంగకు.

అంతా వేసే వ్యవధి లేకపోతే, ఒక సగం నిండుగా పూర్తిచేసి మిగతాది పెన్సిల్ గీతల్లో ఉంచు. గ్యాలరీ స్టడీ రూములో నేను చూసిన దుప్పటి బొమ్మలో చిత్రకారుడు చేసింది అదే. మొత్తం ఆదరాబాదరాగా నింపిన బొమ్మ కంటే సగం శ్రద్ధగా వేసిందే రేపు ఉపయోగపడుతుంది.

ఇంకో మాట. పాతసామాన్లవాడికి ఇచ్చేముందు ఊళ్లో స్కూలునో లైబ్రరీనో అడిగి చూడండి. కాగితాలు, మ్యాపులు దాచుకోవడానికి అంత గట్టి పెట్టె వాళ్లకు కొత్తది దొరకదు. మీ మామయ్యలు పెద్ద ధర ఆశించకపోతే ఒప్పుకోవచ్చు.

ప్రశ్న: ఆ బొమ్మలు డౌన్‌లోడ్ చేసి ఫ్రేము కట్టించుకుంటే కాపీరైటు గొడవ వస్తుందా? గోడకు పెట్టుకోవడానికి ఒకటి చెప్పండి.
(ఓ పాఠకుడు, కరీంనగర్)

జవాబు: రాదు. ప్రభుత్వ పథకం కింద తయారైనవి, గ్యాలరీ తన ఓపెన్ యాక్సెస్ బొమ్మలను ఎవరైనా ఉచితంగా వాడుకోమని వెబ్‌సైటులో పెట్టింది. పెద్ద సైజు ఫైలు దింపుకుని, మెరుపు లేని కాగితం మీద ప్రింటు తీయించండి. మెరిసే కాగితం మీద నీటిరంగు ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది.

ఏదని అడిగారు కనుక, లూసిల్ చాబో 1939లో వేసిన గాబ్రియేల్ దేవదూత బొమ్మ. అది 1840 నాటి గాలిదిశ సూచిక, మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్ ఊళ్లో చర్చి కొప్పున ఉండేది. దేవదూత బాకా ఊదుతూ గాల్లో అడ్డంగా సాగిపోతుంటాడు. ఎండకూ వానకూ పాడైన బంగారు పూతను ఆవిడ చూసి చూసి వేసింది. 1965లో అమెరికా తపాలా శాఖ ఈ బొమ్మతోనే 5 సెంట్ల క్రిస్మస్ బిళ్ల వేసింది. ఫ్రేము వెనక చాబో పేరు, సంవత్సరం రాయించడం మాత్రం మరవకండి.